బండరాయుడి తరఫు మనిషి

పోయిన ఆదివారం పొద్దున ఫోన్ తెరిచేసరికి మా బొమ్మల పుస్తకాల గ్రూపు భగ్గుమంటోంది. ఎవరో కుర్రాడు ఒక పాత ప్రత్యేక సంచికలోని పేజీని ఫొటో తీసి పెట్టి, ‘ఇతను మన బండరాయుడేనా?’ అని ఒక్క ప్రశ్న వేశాడు. ఇక చూడండి. ఒకాయన రాయుడి స్వభావం గురించి వేలు నొప్పి పుట్టేదాకా జరుపుతూ చదవాల్సినంత వ్యాసం రాశాడు. ఇంకొకాయన, ఇద్దరు వీరులను తెచ్చి ఒకే కథలో కలిపితే ఎవరో ఒకరి బుద్ధి చెడగొట్టక తప్పదని సిద్ధాంతం చెప్పాడు. తోకచుక్క అభిమానులు ఊరుకుంటారా? మధ్యాహ్నానికి ఇద్దరు అలిగి గ్రూపులోంచి వెళ్ళిపోయారు.

నేను అన్నం తింటూ ఎడమచేత్తో, ‘ఈ పంచాయితీ మా కోరుట్లలో ఎప్పుడో తెగిపోయింది. తెంపింది బీడీలు చుట్టే ఒక అత్త’ అని రాశాను. నవ్వే బొమ్మలు వరసగా వచ్చిపడ్డాయి. ఎవరా అత్త అని మాత్రం ఒక్కరూ అడగలేదు. అడగకపోయినా చెప్పకుండా ఉండలేకపోతున్నాను. పోయిన వానాకాలంలో ఆమె చనిపోయింది. ఉండి ఉంటే ఆ గ్రూపు వాళ్ళను ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి కడిగి ఆరేసేది.

ముందు ఆ పుస్తకాల సంగతి తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. బండరాయుడు క్వారీలో రాళ్ళు కొట్టే మనిషి. కోపమొస్తే ఒళ్ళంతా నల్లరాయి అయిపోతుంది. తల్లీ, తనూ, ఒక రేకుల ఇల్లు. తోకచుక్క పట్నం మనిషి. వెనక వెలుగు తోక వదులుతూ కంటికి కనిపించనంత వేగంగా పోతాడు, మాటలూ అంతే వేగం. ఇద్దరినీ అచ్చువేసేది ఒకే సంస్థ. నెలకో పుస్తకం ఈయనది, నెలకో పుస్తకం ఆయనది. కాలేజీ నుంచి వస్తూ బస్టాండులో కొనుక్కుని సంచిలో దాచుకునేదాన్ని. డిగ్రీ చదివే ఆడపిల్ల బొమ్మల పుస్తకాలు చదవడమేమిటని మా బాపు గొణిగేవాడు.

అత్త నాకు రక్తసంబంధం కాదు. మా అవ్వ, అంటే అమ్మ, ఆమెను వదినె అని పిలిచేది కాబట్టి నాకు అత్త. వాడలో ఆడవాళ్ళంతా మధ్యాహ్నం ఆమె అరుగు మీదికి చేరేవాళ్ళు. ఒళ్ళో చాట, చాటలో తంబాకు, పక్కన తడిబట్టలో చుట్టిన బీడీల తునికాకు. కత్తెరలు, దారాలు, ఊళ్ళో వాళ్ళ కబుర్లు. నేను గోడకు ఆనుకుని పుస్తకం చదువుకుంటూ నవ్వుతుంటే ఒకరోజు అత్త చూసింది.

“ఏంది పిల్లా, నీలో నువ్వే నవ్వుకుంటున్నవ్? మేం నడుములు పడిపోయి కూసున్నం, మాకు గూడ చెప్పరాదు?”

అలా మొదలైంది. రోజూ మధ్యాహ్నం నేను చదవాలి, వాళ్ళు చుట్టాలి. చదవడమంటే మామూలు చదవడమా? బొమ్మలో ఏముందో చెప్పాలి, ఎవరు ఎటు చూస్తున్నారో చెప్పాలి, ఎవరి చీర ఏ రంగో కూడా చెప్పాలి. ‘ధభేల్’ అని రాసి ఉంటే అరుగు అదిరేలా అరవాలి. మొదటిరోజు సిగ్గుపడి మెల్లగా అన్నాను. అత్త చుట్టడం ఆపేసింది.

“సప్పుడు చెయ్యకుంట చదువుతె దెబ్బ తాకిందని ఎట్ల తెలుస్తది? గట్టిగ కొట్టు!”

ఆమె చేతిలో ఉన్న బీడీ మూతి మడిచేదాకా నేను పేజీ తిప్పకూడదు. మూతి మడిచి బొటనవేలు పైకెత్తితే, అప్పుడు తిప్పాలి. రాయుడు ఆపదలో ఉన్న పేజీల్లో ఆమె వేళ్ళు బిగుసుకుపోయేవి. ఆ రోజు చుట్టిన బీడీలు ఎంత పీల్చినా పొగ వచ్చేది కాదు. కార్ఖానాలో కట్టలు చూసి తీసుకునే మనిషికి ఈ రహస్యం తెలిసిపోయింది. ఒక కట్ట విప్పి, ఒక బీడీ నొక్కి చూసి, “ఏందమ్మా, ఈ వారం రాయునికి కష్టమొచ్చిందా?” అని అడిగేవాడు.

రాయుడిది ఏ ఊరో పుస్తకంలో ఎక్కడా రాయలేదు. అత్తకు ఆ సందేహమే లేదు. “గంత నల్లరాయి ఇంకేడుంటది? కరీంనగర్ దిక్కోడే. మనోడే” అని తేల్చేసింది. మనోడు అయ్యాక ఇక తప్పు చేస్తాడా? ఎప్పుడైనా రాయుడు ఆమెకు నచ్చని పని చేస్తే, “గట్ల చెయ్యడు. మల్ల చదువు” అనేది. నేను మళ్ళీ అవే మాటలు చదివేదాన్ని. “సక్కగ చదువు పిల్లా” అనేది. ఇక విసుగొచ్చి ఆమెకు నచ్చేలా మార్చి చదివేదాన్ని. అప్పుడు తృప్తిగా తలూపి, “ఇగో, ఇప్పుడు సరిగ్గ చదివినవ్” అనేది. అసలు రాసినవాడికంటే ఆమె రాయించిన రాయుడే మంచివాడని నాకు ఇప్పటికీ అనుమానం.

ఊళ్ళో మనుషుల సంగతీ అంతే. కరెంటు లైన్‌మన్ కావాలనే తీగ పీకాడని ఎవరైనా అంటే, “వాడు గట్ల చెయ్యడు. వాళ్ళవ్వ నాకెరుకే” అనేది. మనిషిని తూచడానికి ఆమె దగ్గర ఉన్న తూకం అదొక్కటే. తల్లి ఎవరో తెలియాలి. తెలిస్తే వాడికి ఆమె జామీను ఉన్నట్టే. అందుకే తోకచుక్క అంటే ఆమెకు పడేది కాదు. అతని తల్లి ఏ పుస్తకంలోనూ కనిపించదు. “పేర్లనే అపశకునం ఉన్నది. అవ్వ లేదు, బాపు లేడు, ఇల్లెక్కడో తెల్వది. గసొంటోన్ని ఎట్ల నమ్ముతరే?”

ఈ మాట ఎదురుగా కూర్చున్న రాజవ్వకు తగలాలనే అనేది. రాజవ్వ తోకచుక్క పక్షం. వరుసకు అత్తకు వదినె, ఇద్దరి ఇళ్ళకూ మధ్య ఒకటే గోడ. “నీ రాయుడు బస్సును లేపుతడు, మంచిదే. లేపినంక ఏడ వెట్టాల్నో తెల్వక నిలవడ్తడు. మా చుక్కడు గట్ల గాదు, ముందుగాల ఆలోచన చేస్తడు” అని తిప్పికొట్టేది. అరుగు మీద సగం మంది ఇటు, సగం మంది అటు. నేను మాత్రం ఏ పక్షమో చెప్పకూడదని ఆజ్ఞ, చదివేదాన్ని కాబట్టి.

ఇంత గొడవపడే ఆ ఇద్దరూ చేసేది మాత్రం ఒకే పని. అత్త కళ్ళకు మసక కమ్మింది. ఆకు మీద కొలత రేకు పెట్టి కత్తిరించబోతే కత్తెర పక్కకు పోయేది. అయినా ఒప్పుకునేది కాదు, “ఆకే మంచిగ లేదు” అనేది. అందుకని రాజవ్వ ఇద్దరి ఆకూ కత్తిరించేది. రాజవ్వకు చుట్టడం ఆలస్యం. అత్త వేళ్ళకు కళ్ళతో పనిలేదు. తన వంతు అయ్యాక రాజవ్వ వంతులోనూ సగం చుట్టేసేది. ఆ లెక్క వాళ్ళిద్దరూ ఏనాడూ మాట్లాడుకోలేదు. రెండు చాటలు ఆనించి పెట్టుకుని, ఒకరి రాయుణ్ణి ఒకరు, ఒకరి చుక్కడిని ఒకరు తిట్టుకుంటూ నెట్టుకొచ్చారు.

ఒక నెల పుస్తకం చివర రాయుడి మీద గుట్ట విరిగిపడింది. చివరి బొమ్మలో రాళ్ళ కుప్ప, కుప్పలోంచి ఒక చెయ్యి. కింద ‘మిగతా వచ్చే నెల’ అని ఉంది. అత్త ఆ రాత్రి అన్నం సగమే తిన్నదని వాడంతా తెలిసింది. మంగళవారం పొద్దున తలస్నానం చేసి, టెంకాయ సంచిలో వేసుకుని మా ఇంటి ముందు నిలబడింది.

“నడువు పిల్లా, కొండగట్టు పోయొద్దం.”

“ఎందుకత్తా?”

“ఎందుకేంది? పిలగాడు బండ కింద వడ్డడు గద!”

బస్సెక్కి పోయాం. గుడిలో వరసలో నిలబడ్డాం. పూజారి పళ్ళెం అందుకుని ఎవరి పేరు మీద అర్చన అని అడిగాడు.

“బండరాయుడు” అన్నది అత్త, ఏ జంకూ లేకుండా.

“గోత్రం?”

అత్త నావైపు చూసింది. నేను పైకప్పు వైపు చూశాను.

“గోత్రం తెల్వది పంతులూ. అవ్వ ఒక్కతే సాదింది. క్వారీల పని. ఇప్పుడు గుట్ట విరిగి బండ కింద ఉన్నడు.”

పూజారి చేతిలో పళ్ళెం ఆగిపోయింది. “అయ్యో! ఎప్పుడు జరిగిందమ్మా?”

“మొన్నటి పుస్తకంల.”

ఆయన నన్ను చూశాడు. నేను నేలలోకి కుంగిపోతూ మెల్లగా సంగతి చెప్పాను. వెనక వరసలోవాళ్ళు తొయ్యడం మొదలుపెట్టారు. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, గొంతు సవరించుకుని, బండరాయుడి పేరు స్పష్టంగా పలుకుతూ అర్చన పూర్తిచేశాడు. తీర్థం ఇస్తూ, “బయటపడితే నాకూ ఒక మాట చెప్పండి” అన్నాడు. ఆ పూజారి మీద నాకు కలిగిన గౌరవం ఇంకా తగ్గలేదు. తర్వాతి నెల రాయుడు గుట్టను రెండు ముక్కలు చేసుకుని బయటికి వచ్చాడు. అత్త అరుగు మీద అందరినీ ఒకసారి కలియజూసి, “ఊకెనే వచ్చిండా?” అన్నది. ఆ తర్వాత వారం రోజులు ఆమెతో ఎవరూ మాట్లాడలేకపోయారు.

ఇక ఆ ప్రత్యేక సంచిక. మామూలుకంటే లావు పుస్తకం, అట్ట మీద రాయుడూ తోకచుక్కా ఎదురెదురుగా నిలబడి పళ్ళు కొరుకుతున్నారు. ఇద్దరినీ కలిపి ఒకే కథ రావడం అదే మొదలు. ఆ రోజు పక్క వాడ నుంచి కూడా చాటలు పట్టుకుని వచ్చారు. సగం పుస్తకం హాయిగా సాగింది. తర్వాత ఒక పేజీలో తోకచుక్క అలసిపోయి, సాయం అడగడానికి రాయుడి ఇంటికి వస్తాడు. రాయుడు చెంబుతో నీళ్ళు ఇస్తాడు. తోకచుక్క తల పైకెత్తి గటగటా తాగుతుంటాడు. ఆ తాగుతున్న మనిషిని రాయుడు రాతి పిడికిలితో గుద్దుతాడు.

ధభేల్ అని నేను అరవలేదు.

“మల్ల చదువు” అన్నది అత్త.

మార్చి చదువుదామనే అనుకున్నాను. కానీ రాజవ్వ అప్పటికే నా భుజం మీదుగా వంగి బొమ్మ చూసేసింది.

“కొట్టిండు” అన్నది రాజవ్వ. “ఇంటికొచ్చినోన్ని, నీళ్ళు తాగెటోన్ని కొట్టిండు. ఇగ చూసుకో నీ మనోన్ని.”

“రాయుడు గట్ల చెయ్యడు.”

“ఇగో, బొమ్మ ఉన్నది గద! నీకు కనవడకపోతె నేనేం చెయ్యాలె?”

అరుగు మీద చేతులన్నీ ఆగిపోయాయి. రాజవ్వ అనాలని అనలేదు, నోరు జారింది. కానీ ఆ మాట పోయి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. తన కళ్ళ గురించి ఎవరు మాట్లాడినా అత్త ఓర్చుకునేది కాదు. అందునా రాజవ్వ, అందరిముందూ.

“నాకు కనవడకపోతె ఇగ నాకోసం ఆకు కత్తిరియ్యకు” అన్నది అత్త. గొంతు చాలా చిన్నగా వచ్చింది. “పో.”

రాజవ్వ కత్తెరా చాటా తీసుకుని గోడకు అవతలికి వెళ్ళిపోయింది.

రెండు రోజుల్లో చల్లారుతుందనుకున్నాం. చల్లారలేదు. అత్త తన ఆకు తనే కత్తిరించుకుంది, ఒక్కటీ సరిగ్గా రాలేదు. గోడకు అవతల రాజవ్వ ఒక్కతే కూర్చుని, తెల్లవారుజాము నుంచి చుట్టినా కట్టలు సగమే అయ్యేవి. ఆ వారం కార్ఖానాలో అత్త కట్టలు వంకరగా ఉన్నాయని తిరగ్గొట్టారు, రాజవ్వ కట్టలు తక్కువని కసురుకున్నారు. ఇలాగే ఉంటే ఇద్దరి కార్డులూ తీసేస్తామని చెప్పి పంపారు. బీడీ చుట్టేవాళ్ళకు ఆ కార్డే అన్నీ. అది ఉంటేనే పని, రేపు చేతులు పడిపోయాక పింఛను. ఎప్పుడూ దేనికీ బెదరని మా అవ్వ ఆ సాయంత్రం వంట చేస్తూ, “ఒక బొమ్మ తోని ఇద్దరి బతుకు ఆగమయ్యేటట్టున్నది” అని కళ్ళు తుడుచుకుంది.

ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడదామంటే, ఏం మాట్లాడతారు? అత్త ఒకటే మాట, రాయుడు కొట్టలేదని ఒప్పుకుంటేనే రాజవ్వ తన అరుగెక్కాలి. రాజవ్వ ఒకటే మాట, కళ్ళతో చూసింది అబద్ధమని చెప్పనని. చివరికి మా అవ్వ పోయి పోశవ్వను పిలుచుకొచ్చింది. పోశవ్వ వాడలో అందరికన్నా పెద్దది. మామూలుగా కథ వింటూ నిద్రపోయేది. కానీ పంచాయితీ అంటే మాత్రం నిటారుగా కూర్చునేది. పద్ధతి ప్రకారం ఇరుపక్షాలూ చెరొక బీడీ కట్ట ఆమె ముందు పెట్టాలి. ఓడినవాళ్ళ కట్ట ఆమెకే. ఆమె బీడీలు తాగుతుంది, అందుకని ఎంత చిన్న తగవైనా విసుక్కోకుండా వింటుంది.

మా ఇంటి ముందు చాప వేశారు. అత్త ఒక చివర, రాజవ్వ ఒక చివర. నడుమ పుస్తకంతో నేను.

“ఎవలు ఎవల్ని కొట్టిన్రు?” అని మొదలుపెట్టింది పోశవ్వ.

నేను కథ చెప్పాను. నీళ్ళ దగ్గరికి రాగానే అత్త అందుకుంది. “ఆగు. రాయునింట్ల నీళ్ళిచ్చేది వాళ్ళవ్వ గద! ప్రతి పుస్తకంల ఆమెనే ఇస్తది. మరి అవ్వ ఏది?”

నేను పుస్తకం మొదటి నుంచి చివరిదాకా తిప్పాను. రాయుడి తల్లి ఎక్కడా లేదు. పొయ్యి ఉంది, మంచం ఉంది, ఆమె లేదు. నేనూ గమనించలేదు.

అత్త నేల మీద చరిచింది. “ఇగో! అవ్వ లేని ఇల్లు రాయునిల్లే గాదు. వీడెవడో రాయుని ఏషం గట్టిండు.”

“అవ్వ ఊరికి పోయి ఉంటది” అన్నది రాజవ్వ. “ఇంట్ల పెద్దమనిషి లేనప్పుడే గద మనిషి అసలు బుద్ధి తెలిసేది!”

మాటా మాటా పెరిగింది. అవ్వ ఊరెళితే ఇంటి ముందు ముగ్గు ఎవరు వేశారని ఒకామె. ముగ్గు పాతదని ఇంకొకామె. మా బాపు కూడా లోపలినుంచి వచ్చి, తోకచుక్కే ముందు ఏదో అనరాని మాట అని ఉంటాడని తన అభిప్రాయం చెప్పాడు. ఆయనకు ఆ పుస్తకాల సంగతి అంత వివరంగా ఎలా తెలుసో నేను అడగలేదు. పోశవ్వ చెయ్యెత్తింది.

“కొట్టినోన్ని అడిగిన్రా?”

“ఆయినె బొమ్మ, పోశవ్వా.”

“బొమ్మనైతె బొమ్మ గీసినోన్ని పిలువుండ్రి. ఒక్క దిక్కు మాటిని తీర్పు చెప్పుడు నాతోని గాదు. వచ్చే ఐతారానికి వాయిదా.”

ఎంత నచ్చజెప్పినా వినలేదు. పుస్తకం వెనక అట్ట మీద పాఠకులు అభిప్రాయాలు పంపడానికి ఒక నంబరు ఉంది. నేను సిగ్గు చంపుకుని దానికి మాటలు రికార్డు చేసి పంపాను. కోరుట్లలో మీ కథ మీద పంచాయితీ నడుస్తోంది, బొమ్మలు వేసినవారు ఆదివారం ఫోన్లో హాజరు కావాలి అని. వెనకనుంచి అత్త అరిచిన, “రాకుంటె వానిదే తప్పయితదని చెప్పు!” కూడా అందులో పడిపోయింది. ఎవరు పట్టించుకుంటారులే అనుకున్నాను. శనివారం జవాబు వచ్చింది. ఫోన్ చేస్తానని.

ఆదివారం మధ్యాహ్నం ఫోన్‌ను ఖాళీ స్టీలు గ్లాసులో నిలబెట్టి చాప నడుమ పెట్టాను, గొంతు పెద్దగా వినపడాలని. ఫోన్ మోగింది. కుర్ర గొంతు.

“నమస్కారమండీ.”

“అండీ అంటుండు. మన దిక్కోడు గాదు” అని ఎవరో గుసగుసలాడారు.

పోశవ్వ ముందుకు వంగింది. “కూసున్నవా బిడ్డా?”

“కూర్చున్నానండీ.”

“గా కత నువ్వే రాసినవా?”

“కథా నాదే, బొమ్మలూ నావేనండీ.”

అత్త వారం రోజులుగా దాచుకున్నదంతా ఒక్కసారి విప్పింది. “నీళ్ళు తాగెటోన్ని కొట్టిస్తవా? గిది ఏడ నేర్చినవ్? పగోడైనా ఇంటికొస్తె నీళ్ళిచ్చి మాట్లాడ్తం మేము. వాళ్ళవ్వ ఉండంగ రాయుడు గట్ల చేసెటోడా? అవ్వను ఏడ దాచిపెట్టినవ్, చెప్పు!”

ఫోన్ కట్ అయిందేమోనని నేను చెయ్యి చాపాను.

“ఆ నెలలోనే మా అమ్మ పోయిందండీ” అన్నాడతను. “రాయుడి తల్లి ముఖం నేనెప్పుడూ మా అమ్మను చూసే గీసేవాణ్ణి. ఆ నెల గీద్దామని కూర్చుంటే చెయ్యి ఆడలేదు. అవతల పుస్తకానికి ఆలస్యమవుతోంది. ఆవిడ లేకుండానే కానిచ్చేశాను. ఇంట్లో ఆవిడ లేకపోతే రాయుడేం చేస్తాడో నాకు తోచలేదు. నాకేమో ఎవరిని చూసినా కోపమొచ్చేది ఆ రోజుల్లో. అలా కొట్టించేశాను. తప్పేనండీ. రాయుడు అలా చెయ్యడు.”

పోశవ్వ కొంగుతో మూతి తుడుచుకుని, “ఇగ అయిపాయె. గీసినోడే తప్పని ఒప్పుకున్నడు. పిలగాడు చెప్పిందీ, నువ్వు చెప్పిందీ ఒకటే” అంటూ అత్త కట్ట వెనక్కి జరపబోయింది. అత్త గెలిచింది. అందరికీ తెలిసిపోయింది. రాజవ్వ తల వంచుకుని కూర్చుంది.

“ఆగు పోశవ్వా” అన్నది అత్త. “కొట్టింది రాయుడే.”

“ఏందే? నువ్వే గద ఇన్ని దినాలు...”

“రాయుడే కొట్టిండు. అవ్వ పోయినోనికి ఏం సోయి ఉంటది? ఎవలు ఎదురువడితె వాళ్ళను కొడ్తడు. నీళ్ళు తనే ఇచ్చిన సంగతి గూడ యాదికుండది.” రాజవ్వ వైపు చెయ్యి చూపింది. “వదినె మొదలే చెప్పింది. నాకే కనవడలే.”

కళ్ళు సరిగ్గా కనపడవని ఆమె నోటితో ఆమె చెప్పడం ఆ వాడలో ఎవరమూ అంతకుముందు వినలేదు. తన కట్ట తనే పోశవ్వ వైపు తోసింది. తర్వాత గ్లాసు మీదికి వంగింది.

“తిన్నవా బిడ్డా?”

“ఇంకా లేదండీ.”

“పొద్దు తిరిగింది గద, తిను పో. ఆఫీసోళ్ళు తొందరవెడ్తె మా పేరు చెప్పు. అవ్వను ఇప్పుడే గియ్యకు. చెయ్యి ఎప్పుడాడితె అప్పుడే గియ్యి. మేం ఆగుతం.”

అతను సరేనండీ అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా.

రాజవ్వ లేచి ఇంటికి వెళ్ళిపోతుందనుకున్నాను. ఆమె చాప చుట్టూ తిరిగి వచ్చి అత్త పక్కన కూర్చుంది. అత్త వెంట తెచ్చుకున్న తడిబట్ట తన వైపు లాక్కుని, ఆకు తీసి, రేకు పెట్టి కత్తిరించడం మొదలుపెట్టింది. ఆ తర్వాత రాజవ్వే నోరు విప్పింది.

“నాకెందుకో రాయుడు కొట్టలేదేమో అనిపిస్తున్నది వదినె. ఆ బొమ్మ ఇంకొక్కపాలి చూడాలె.”

“తెగిన పంచాయితి మల్ల తోడుతవా? కొట్టిండంటె కొట్టిండు!”

“కొట్టలే!”

పొద్దుగూకేదాకా అదే గొడవ, ఈసారి పక్షాలు మార్చుకుని. నేను పుస్తకం మూసి ఇంట్లోకి పోయాను.

రాయుడి తల్లి ఆ తర్వాత చాలా నెలలు రాలేదు. అత్త ఒక్కసారీ అడగలేదు, ఎవరైనా అడిగితే కసురుకునేది. ఒక నెల ఉన్నట్టుండి వచ్చింది, గడపలో కూర్చుని బియ్యం ఏరుతూ. నేను చెప్పగానే అత్త పని ఆపి, “బక్కగైందా?” అని మాత్రం అడిగింది. రాజవ్వ పోరుపెట్టి అత్తకు కంటి ఆపరేషన్ కూడా చేయించింది. కట్టు విప్పిన నాడు నన్ను పిలిచి, పుస్తకం చేతిలోకి తీసుకుని, రాయుణ్ణి మొదటిసారి స్పష్టంగా చూసింది. ముఖం చిన్నబోయింది. “గింతే ఉన్నడేంది?” అన్నది. వెంటనే సర్దుకుని, “కాయితమే చిన్నది, పాపం, వాడేం చేస్తడు?” అని పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది.

అత్త దినాల నాడు వాడంతా ఆ అరుగు మీదే కూర్చున్నాం. తిండ్లయ్యాక మాటలు ఆమె మీదికే మళ్ళాయి. పుట్టి బుద్ధెరిగాక ఆమె ఒక్క వాదంలోనూ ఓడింది లేదని ఎవరో అన్నారు. నవ్వుకున్నాం. రాజవ్వ మాత్రం నవ్వలేదు.

“ఓడింది. ఒక్కపాలి” అన్నది. “గెలిచి ఓడింది. ఆ పిలగాడు తప్పని ఒప్పుకున్నంక గెల్పు ఆమెదే గద. నేను పక్కకొచ్చి కూసోవాలని ఓడింది.”

అంతే, మొదలైంది. కాదు, తల్లి పోయిన ఆ పిల్లవాడి ముఖం చూసి అన్నదని మా అవ్వ. అసలు అది ఆమె స్వభావమే కాదని, ఆ రోజు ఒంట్లో బాగాలేకపోయి ఉంటుందని ఇంకొకామె. ఆమె మనసులోనే రాయుడు మారిపోయాడని, నిజంగా నమ్మే అన్నదని నేను. ఎవరి అత్త వాళ్ళకు ఉంది, ఎవరూ తగ్గలేదు.

రాజవ్వ అందరినీ చివరిదాకా మాట్లాడనిచ్చింది.

“మీరెన్నన్న చెప్పుండ్రి” అన్నది. “నా కోసమే ఓడింది.”

ఆ ఒక్క వాదంలో మేమంతా ఓడిపోయాం.